మా తాతగారి పంకా రైలు

మా ముత్తాత నరసింహ బహద్దూరువారికి గోదావరి పాయకు ఇవతల పద్నాలుగు ఊళ్ళ మీద హక్కు ఉండేది. జిల్లా కలెక్టరు మా ఊరి మీదుగా వెళ్ళవలసి వస్తే ముందురోజే కబురు పెట్టి, మా దివాణంలో దిగి, ఆయన పూజ ముగించుకుని వచ్చేదాకా వరండాలో కూర్చునేవాడని మా ఇంట్లో చెప్పుకునేవారు. చెప్పుకోవడమే కాదు, ఆ కలెక్టరు కూర్చున్న కుర్చీలో మరొకరిని కూర్చోనివ్వకుండా చాలాకాలం గోడవారగా ఉంచారు. ఆయన కొడుకు, అంటే మా తాతగారు గోపాల బహద్దూరువారు, ఇంట్లోని ఏనుగును గుడికి ఇచ్చేసి మోటారుకారు తెప్పించిన మనిషి. మా నాన్నగారి నాటికి ఊళ్ళు పోయి పేరు చివర బహద్దూరు మాత్రం మిగిలింది. నాకు అదీ మిగల్లేదు. పాస్‌పోర్టు దరఖాస్తులో గడులు చాలలేదని ఎవరో గుమాస్తా దాన్ని కొట్టేశాడు. అలా కురచైన పేరుతోనే సింగపూర్‌లో దిగాను, ఆ పేరుతోనే ఇక్కడ ముసలివాణ్ణయ్యాను.

ఇదంతా ఇప్పుడు ఎందుకు ఎత్తుకున్నానంటే, పోయిన నెల టోవా పాయోలో మా బ్లాకుకు దగ్గర్లో ఉన్న కమ్యూనిటీ హాల్లో పాతకాలపు ఆటబొమ్మల ప్రదర్శన పెట్టారు. పన్నెండేళ్ళ మా మనవరాలు నన్ను చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. అక్కడ జనం బొమ్మల్ని చూడటం లేదు, ఫోన్లు ఎత్తి వాటి ఫొటోలు తీసుకుంటున్నారు. ఇంటికి వెళ్ళి చూస్తారో లేదో వాళ్ళకే తెలియాలి. చివరి వరుసలో ఒక గాజు పెట్టె, అందులో ముంజేతి పొడవున వెండిరంగు రేకు రైలు, వెనకవైపు ఎర్రటి పంకా, ముక్కు మీద చిన్న సొట్ట. సొట్ట కనిపించగానే నా కాళ్ళు ఆగిపోయాయి. ఈలోగా పిల్ల దాని కింద అతికించిన అట్టముక్క చదివేసింది.

"తాతా, ఇది నువ్వు చెప్తావే, ఆ ఫ్యాన్ ట్రెయిన్! ఓల్డ్ ఆంధ్రా ఫ్యామిలీ దగ్గర కొన్నారట. యూ సోల్డ్ ఇట్, ఆ?"

"అమ్మలేదు. ఇచ్చాను," అన్నాను.

"సేమ్ థింగ్ లా, తాతా," అని అది పక్క పెట్టె దగ్గరికి వెళ్ళిపోయింది.

రెండూ ఒకటి కావు. నా ఈడువాళ్ళకు ఆ తేడా విడమరచి చెప్పనక్కర్లేదు. ఇచ్చే ఇల్లు వేరు, అమ్మే అంగడి వేరు అన్న ఎరుకతో పెరిగినవాళ్ళం మనం. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, నేను ఇచ్చానో అమ్మానో ఒకసారి మొదటినుంచి రాసుకుని చూద్దామని కూర్చున్నాను. ఆ రైలును నా దగ్గర తీసుకుని ఆ అట్టముక్క రాయించినవాడు నిరుడు పోయాడు, వాడి పిల్లలు సేకరణనంతా ప్రదర్శనకు పెట్టారు. పోయినవాళ్ళ గురించి మంచి తప్ప మాట్లాడకూడదన్న నియమం మా ఇంట్లో లేదు. నిజం మాట్లాడాలన్న నియమం మాత్రం ఉండేది.

రెండు ప్రపంచ యుద్ధాల నడుమ ఐరోపా వాళ్ళకు వేగం పిచ్చి పట్టిన రోజులవి. మా తాతగారు కంటి వైద్యం కోసం జర్మనీ వెళ్ళారు, వెంట ఒక వంటవాడు, రెండు పెట్టెల బియ్యం, ఒక జాడీ ఆవకాయ. హాంబర్గు ఊళ్ళో ఒక కంటికి కట్టు కట్టి విశ్రాంతిగా ఉండమన్నారట. ఆయన విశ్రాంతిగా ఉండే మనిషి కాదు. ఏదో కొత్తరకం రైలు వస్తోంది, ఊరంతా చూడబోతోంది అని విని, వంటవాణ్ణి వెంటబెట్టుకుని స్టేషనుకు వెళ్ళారు. అప్పుడు ఆయన చూసింది ఇంజను లేని రైలు. ఒకే ఒక పొడవాటి పెట్టె, చుట్టలాగా నున్నగా గుండ్రంగా, వెండిరంగులో ఉంది. దాని వెనకాల విమానానికి ఉండేలాంటి పంకా. ఆ పంకా తిరిగితే గాలి వెనక్కి తోసుకుపోయి రైలు ముందుకు దూసుకుపోతుంది. అది బయల్దేరినప్పుడు ప్లాట్‌ఫారం మీది దొరల టోపీలన్నీ ఎగిరిపోయాయని, తన కంటికట్టు కూడా ఊడిపోయిందని, అలా ప్రపంచంలోకెల్లా వేగమైన రైలును డాక్టరు వద్దన్న కంటితో కూడా చూశానని మా తాతగారు నవ్వుతూ చెప్పేవారు.

ఆయన నవ్వేవారు గాని, నాకు ఆ రైలును తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. పెద్దయ్యాక దాని గురించి దొరికిందల్లా చదివాను. అది వెనక ఇంకో పెట్టెను లాగలేదు, ఎందుకంటే పెట్టె తగిలించవలసిన చోట పంకా ఉంది. దానంతట అది సరిగ్గా వెనక్కి నడవలేదు. ఎత్తు ఎక్కాలంటే దానికి వేరే సాయం కావాలి. స్టేషనులో మనుషుల మధ్య ఆ పంకా తిరుగుతుంటే ఎవరి చెయ్యి పోతుందో ఎవరి తల పోతుందో చెప్పలేరు. ఒక్కసారి ఊరి చేతా లోకం చేతా నోరు తెరిపించడానికి తప్ప దేనికీ పనికిరాదు. అందుకే ఒక్కటే తయారైంది, కొన్నేళ్ళు షెడ్డులో పడి ఉంది, చివరకు ముక్కలు చేసి తుక్కు కింద వేసేశారు. అయినా బొమ్మలు చేసేవాళ్ళు ఊరుకుంటారా, దాని నమూనాలు రేకుతో చేసి దుకాణాల్లో పెట్టారు. వాటిలో ఒకటి మా తాతగారి పెట్టెలో, ఖాళీ అయిన ఆవకాయ జాడీ పక్కన, గోదావరి ఒడ్డుకు చేరింది.

మా ఇంట్లో దాన్ని పంకా రైలు అనేవాళ్ళం. దాని కిటికీల్లో టోపీ పెట్టుకున్న దొరలు, పిల్లి కళ్ళ దొరసానులు రంగులతో వేసి ఉండేవారు. పక్కన ఒక కన్నం, అందులో తాళంచెవి పెట్టి తిప్పితే స్ప్రింగు బిగుసుకుంటుంది, వదిలితే పంకా గిర్రున తిరుగుతూ రైలు పట్టాల మీద పరుగెడుతుంది. ఇందులో ఒక మోసం ఉంది. అసలు రైలును తోసేది పంకాయే గాని బొమ్మ రైలులో పంకా ఏమీ తొయ్యదు. స్ప్రింగు చక్రాలను తిప్పుతుంది, పంకా ఊరికే షోకు కోసం తిరుగుతుంది. చిన్నప్పుడు ఇది కనిపెట్టి నేను చాలా బాధపడ్డాను. తర్వాత జీవితంలో అలాంటి పంకాలను ఎన్నో చూసి, బాధపడటం మానేసి, నవ్వడం కూడా మానేశాను.

విజయదశమి నాడు ఆయుధపూజ అయ్యాక, పసుపు కుంకుమ పెట్టిన పంకా రైలును ఇంటి పెద్ద స్వయంగా నడపాలి. మరొకరు తాళంచెవి ముట్టకూడదు. లెక్కగా పదకొండు తిప్పులు తిప్పాలి. ఇంటివాళ్ళం హాల్లో కూర్చుని చూసేవాళ్ళం, దివాణం నౌకర్లు వరండా కటకటాల అవతల నిలబడి చూసేవారు. ప్రతి ఏడాదీ మలుపు దగ్గర రైలు పట్టా తప్పి బోర్లా పడేది, అందరూ అయ్యో అనేవారు, మా తాతగారు దాన్ని ఎత్తి మళ్ళీ పెట్టేవారు. ముక్కు మీద సొట్ట అలా పడిందే. పదకొండుకు బదులు పది తిప్పితే ఏం పోయిందని ఎవరూ అడగలేదు. మర్యాద మర్యాదే.

ఇంకో మర్యాద కూడా చెప్పాలి, అది లేకపోతే ఈ కథ లేదు. మా ఇంటికి వచ్చిన అతిథి ఏ వస్తువునైనా మనసారా మెచ్చుకుంటే, మర్నాడు పొద్దున ఆ వస్తువు వాళ్ళ ఇంటికి వెళ్ళిపోయేది. నౌకరు దానిమీద శుభ్రమైన గుడ్డ కప్పి తీసుకెళ్ళి, పుచ్చుకున్నవాళ్ళు ఏదైనా అనేలోపు వచ్చేసేవాడు. ఇచ్చిన మనిషి ఎప్పుడూ వెంట వెళ్ళకూడదు. వెళితే ఎదుటివాడు కృతజ్ఞత చెప్పుకోవలసి వస్తుంది, అది వాణ్ణి చిన్నబుచ్చడం. ఆ తర్వాత ఆ వస్తువు ఊసు రెండు ఇళ్ళలోనూ ఎత్తకూడదు. ఇలా బెల్జియం అద్దాలు పోయాయి, గ్రామఫోను పోయింది, మా నాయనమ్మ పందిరిమంచం పోయింది, చివరకు కలెక్టరు కుర్చీ కూడా ఒక మునసబు మెచ్చుకోవడం వల్ల పోయింది. అమ్మకం మాత్రం లేదు. ఊళ్ళు ప్రభుత్వం తీసుకుంది, వస్తువులు అతిథులు తీసుకున్నారు. మేము ఏదీ ఒకరికి అమ్మలేదు. మా నాన్నగారు చనిపోయేముందు నాకు చెప్పుకున్న గొప్ప ఇదొక్కటే. పంకా రైలు మాత్రం మిగిలింది, ఎందుకంటే పండక్కి తప్ప అది బీరువా దాటి బయటికి వచ్చేది కాదు, మెచ్చుకునే అవకాశం ఎవరికీ రాలేదు.

నేను విశాఖపట్నంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో, కంప్యూటరు ఒక గది మొత్తం ఆక్రమించే రోజుల్లో, కోబాల్ అనే కంప్యూటరు భాషలో ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. మాకు ఆ విద్య పదేళ్ళకు గాని పట్టుబడలేదు. రెండువేల సంవత్సరం ముంచుకొచ్చేసరికి, పాత ప్రోగ్రాముల్లో ఏడాదికి రెండంకెలే రాసి ఉంచాం గనుక కంప్యూటర్లన్నీ పందొమ్మిది వందల సంవత్సరం వచ్చిందనుకుంటాయన్న భయం, వైటూకే అనే పేరుతో, లోకమంతా పాకింది. అప్పుడు కోబాల్ వచ్చినవాళ్ళందరికీ రెక్కలొచ్చాయి. హైదరాబాదులో మూడు నెలలు కోర్సు చేసి, చెయ్యని ఉద్యోగాలు కాగితం మీద చేసినట్టు రాసుకుని, మెడలో టై కట్టుకుని విమానాలెక్కి వచ్చిన మహానుభావుల్ని నేను జురాంగ్ వెస్ట్ ఫుడ్‌కోర్టులో ప్రతి ఆదివారం చూసేవాణ్ణి. టేబుల్ మీద టిష్యూ పొట్లం పెట్టి చోటు ఆపుకోవడం, ఇక్కడివాళ్ళ మాటలో చోప్ చేయడం, వారంలో నేర్చుకున్నారు గాని, పెద్దవాడు ట్రే పట్టుకుని నిలబడితే లేచి చోటివ్వడం మాత్రం ఎవరికీ రాలేదు. నన్ను అంకుల్ అనేవారు. ఇక్కడ టాక్సీ నడిపేవాడూ అంకులే, చెత్త ఎత్తేవాడూ అంకులే. మా ముత్తాత కోసం కలెక్టరు కాచుకు కూర్చున్న సంగతి వాళ్ళకు చెప్పినా అర్థమయ్యేది కాదు. ఏ గ్రేడు కలెక్టరు, ప్యాకేజీ ఎంత అని అడిగేవారు.

నలభై అయిదేళ్ళ వయసులో, భార్యనూ కూతుర్నీ వెంటబెట్టుకుని నేను ఎందుకొచ్చానంటే, ఆఫీసులో ఆ గది నిండిన కంప్యూటరును తీసేశారు, దానితో పాటు నన్ను కూడా. పేపర్లో ప్రకటన చూసి రాస్తే ఒక కంపెనీ పిలిచింది. మనుషుల్ని రప్పించి బ్యాంకులకు అద్దెకిచ్చే చిన్న కంపెనీ అది. వచ్చిన మొదటి రోజున యజమాని తన గదిలోకి పిలిచి, తలుపు వేసి, నా కాగితాలు పక్కన పెట్టి, "బాబుగారూ, నన్ను గుర్తుపట్టలేదు కదూ," అన్నాడు. గుర్తుపట్టడానికి నేను ఎప్పుడూ చూసి ఉంటేగా. వాడు మా తాతగారి కారు డ్రైవరు మనవడు. ముప్ఫై అయిదేళ్ళు ఉంటాయి, నున్నగా గీసుకున్న గెడ్డం, చేతికి పెద్ద గడియారం. నలుగురిలో నన్ను అంకుల్ అనేవాడు, తలుపు వేసి ఉంటే బాబుగారూ అనేవాడు. ఈ రెండింటిలో ఏది వెటకారమో నాకు ఇప్పటికీ తేలలేదు.

జురాంగ్ వెస్ట్ ఫ్లాట్‌లో మాకు రెండేళ్ళు గడిచాయి. రెండో ఏడు దసరాకు మా ఆవిడ, ఊరికి దూరంగా ఉన్నంతమాత్రాన పండగ మానేస్తామా అని, హాల్లో మూడు మెట్లు కట్టి బొమ్మల కొలువు పెట్టింది. ఊరినుంచి మాతో తెచ్చుకున్న పంకా రైలు మూడో మెట్టు మీద కూర్చుంది. పట్టాలు గుండ్రంగా ఉండవలసినవి సగమే మిగిలాయి, అందుకని నేల మీద అర్ధచంద్రంలా వేసి, ఇటునుంచి నేను వదిలితే అటుచివర మా అమ్మాయి చేతులతో పట్టుకునేది. విజయదశమి మధ్యాహ్నం ఆఫీసు కుర్రాళ్ళు ఇద్దరు, వాళ్ళతో పాటు పిలవకపోయినా ఆ డ్రైవరు మనవడు స్వీట్ల డబ్బా పట్టుకుని వచ్చారు. పండగపూట గుమ్మంలోకి వచ్చినవాణ్ణి పొమ్మనే ఇల్లు కాదు మాది.

నేను తాళంచెవి తీసుకుని కూర్చున్నాను. కుర్రాళ్ళలో ఒకడు, "అంకుల్, దీనికి వైటూకే టెస్టింగ్ అయిందా?" అన్నాడు. రెండోవాడు, "రివర్స్ గేర్ లేదురా దీనికి, అంకుల్ లాగే," అని పగలబడి నవ్వాడు. నేను వినిపించుకోలేదు. ఒకటి, రెండు అని మనసులో లెక్కపెట్టుకుంటూ తిప్పుతున్నాను. ఏడో తిప్పు అయ్యేసరికి వాడు, ఆ మనవడు, అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉన్నవాడు, ముందుకు వంగి నా చేతిని దాదాపు ముట్టుకోబోయి ఆగిపోయాడు.

"చాలండీ బాబుగారూ. ఏడు చాలు. పదకొండు తిప్పితే మలుపులో పడిపోతుంది."

నేను తలెత్తి చూశాను. మా ఇంటి మర్యాద వాడికి తెలియడమే ఎక్కువ, దాన్ని దిద్దడం ఇంకా ఎక్కువ.

"పదకొండు మా ఆచారం," అన్నాను.

"తెలుసండీ. మా తాత చెప్పేవాడు. పాత స్ప్రింగు తెగిపోతే ఎక్కడో పాడైపోయిన గ్రామఫోనులోంచి తీసి వేసింది మా తాతేనండీ. అది బొమ్మకు ఎక్కువ బలం. ఏడు తిప్పులు దాటొద్దని పెద్దబాబుగారికి చెప్పాడట. ఆయన వింటేగా."

ఆ స్ప్రింగును మద్రాసులో దొరల కొట్టులో బాగుచేయించారని మా ఇంట్లో చెప్పేవారు. ఆ మాటే అన్నాను. వాడు నవ్వి, "అడుగు మూత విప్పి చూడండి," అన్నాడు. అతిథుల ముందు మూతలు విప్పడం మా ఇంట్లో లేదని చెప్పి మిగతా నాలుగు తిప్పులూ తిప్పి వదిలాను. రైలు మలుపు దాకా వెళ్ళి, పట్టా తప్పి, గచ్చు మీద బోర్లా పడి, చక్రాలు పైకి పెట్టుకుని చాలాసేపు గిలగిలలాడింది. పంకా మాత్రం దర్జాగా తిరుగుతూనే ఉంది. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. మా అమ్మాయి, "నాన్నా, ఆయన చెప్పింది కరెక్టే లా," అని గొణిగింది. ఇక్కడి బడిలో నేర్చుకున్న ఆ లా నాకు చెంపమీద కొట్టినట్టు తగిలింది.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ వాడు అసలు సంగతి బయటపెట్టాడు. పాత రైలు బొమ్మలు పోగుచేస్తున్నాడట, హౌగాంగ్‌లో ఇంట్లో ఒక గదంతా వాటికేనట, ఇలాంటిది మాత్రం దొరకలేదట. "ఏం కావాలో చెప్పండి, తీసుకుంటాను," అన్నాడు.

"మా ఇంట్లో అమ్మకం లేదు. నచ్చితే మెచ్చుకో, పొద్దున్నే నీ ఇంటికి వస్తుంది," అన్నాను. ఆ మాట అన్నందుకు నాకు ఆ క్షణంలో ఎంతో తృప్తి కలిగింది; వాడి మొహం ఎర్రబడుతుందనుకున్నాను.

వాడు రైలు వంక ఒకసారి చూసి, "నేను మెచ్చుకోనండీ," అన్నాడు నెమ్మదిగా. "ఇందులో మెచ్చుకోవడానికేముంది? వెనక్కి పోదు, ఇంకో పెట్టెను లాగదు. నాకు కావాలి, అంతే. మా తాత చెయ్యిపడ్డ వస్తువు. మెచ్చుకుంటే మీరు ఇచ్చినట్టవుతుంది. నేను కొనుక్కోవాలి."

అమ్మనని మరోసారి చెప్పి తలుపు వేశాను.

రెండువేల సంవత్సరం రానే వచ్చింది. ఆ జనవరి ఒకటో తేదీన లోకంలో ఏ కంప్యూటరూ పెద్దగా కూలిపోలేదు. మేము బాగుచేయడం వల్ల కూలలేదో, కూలేది లేకనే కూలలేదో ఎవరికీ అక్కర్లేదు. ఆ మర్నాటి నుంచి కోబాల్ మనిషి ఎవరికీ అక్కర్లేదు. మూడు నెలల కోర్సు కుర్రాళ్ళు వారం తిరక్కుండా ఇంటర్‌నెట్ అనే ఇంకో పంకా తగిలించుకుని తిరగడం మొదలుపెట్టారు. నా కాంట్రాక్టు మార్చితో ముగుస్తుంది, ఆ తర్వాత వర్క్ పాస్ ఉండదు, పాస్ లేకపోతే దేశంలో ఉండనివ్వరు. మా అమ్మాయికి ఆ ఏడాది చివర్లో ఓ లెవెల్, అంటే ఇక్కడి బడి చదువు ముగించే పరీక్షలు. మధ్యలో తీసుకెళ్ళి అక్కడి పదో తరగతిలో కూర్చోబెడితే అటూ కాదు ఇటూ కాదు. అది పుస్తకాలకు అట్టలు వేసుకుంటూ, వేసిన అట్టల మీద పేరు రాయకుండా వదిలేసేది. ఎందుకు రాయలేదని అడిగితే, "చూద్దాం లే నాన్నా," అంది.

మా ఆవిడ ఒక్కసారే మాట్లాడింది. పొయ్యి దగ్గర నిలబడి, నా వైపు తిరక్కుండా, "ఆ రైలు వాడింటికి పంపించెయ్యండి," అంది.

"వాడు మెచ్చుకోలేదు," అన్నాను.

"ఇన్నాళ్ళూ మెచ్చుకున్నవాళ్ళకల్లా ఇచ్చారు. ఒక్కసారి అక్కరకోసం ఇవ్వండి," అంది.

మర్నాడు, పిల్ల బడికి వెళ్ళాక, అడుగు మూత విప్పాను. లోపల ఉన్నది గ్రామఫోను స్ప్రింగే. బొమ్మకు పట్టనంత వెడల్పు, రెండు వైపులా ఆకురాయితో అరగదీసి, ఎంతో ఓపికగా ఇరికించి ఉంది. మద్రాసు దొరల కొట్టులో అంత ఓపిక ఉండదు. మూత మళ్ళీ బిగించేశాను. ఈ సంగతి మా ఆవిడకు కూడా చెప్పలేదు; ఇప్పుడు ఆవిడ లేదు గనుక రాస్తున్నాను.

గుడ్డ కప్పి పంపించడానికి నాకు నౌకరు లేడు. ఒక తువ్వాల చుట్టి, సూపర్‌మార్కెట్ ప్లాస్టిక్ సంచీలో పెట్టి, ఆదివారం పొద్దున నేనే తీసుకెళ్ళాను. ట్రెయినెక్కి, బస్సు మారి హౌగాంగ్ చేరేసరికి గంటన్నర పట్టింది. ప్రపంచంలోకెల్లా వేగమైన రైలు నమూనా నా ఒళ్ళో కూర్చుని వచ్చింది. వాడే తలుపు తీశాడు, లుంగీలో ఉన్నాడు. బల్ల మీద పెట్టాను. తువ్వాల విప్పి చాలాసేపు చూశాడు, వేలితో ముక్కు మీది సొట్ట తడిమాడు. ఆ వేలు తడిమిన తీరు నాకు నచ్చింది, ఆ నచ్చడం నాకు నచ్చలేదు.

"ఏం కావాలండీ?" అన్నాడు.

"మా ఇంట్లో బదులు అడగరు," అన్నాను.

అని వచ్చెయ్యాలి. మా ఇంటి మర్యాద ప్రకారం అసలు వెళ్ళనే కూడదు, వెళ్ళినా ఆ మాట అన్న వెంటనే వెనక్కి తిరగాలి. నేను తిరగలేదు. ఆ గదిలో అరల నిండా రైలు బొమ్మలు చూస్తున్నట్టు, వీపు నిటారుగా పెట్టుకుని నిలబడ్డాను. వాడు కాఫీ తాగుతారా అని అడిగాడు, వద్దన్నాను. కూర్చోమన్నాడు, కూర్చోలేదు. అయినా కదల్లేదు. ఎంతసేపో నాకు తెలియదు. చివరకు వాడు రైలు మీదినుంచి చూపు తిప్పకుండా అడిగాడు.

"అమ్మాయి ఇప్పుడు ఏం చదువుతోందండీ?"

"సెకండరీ ఫోర్," అన్నాను.

"మంచిదండీ," అన్నాడు. అప్పుడు బయటికి వచ్చాను.

బుధవారం నాడు కంపెనీ ఉత్తరం వచ్చింది. కాంట్రాక్టు రెండేళ్ళు పొడిగించారు, పని ఏమిటో అందులో రాయలేదు. నిజానికి పని ఏమీ లేదు. పాత కాగితాలు సర్దే బల్ల ఒకటి చూపించారు. మా అమ్మాయి అట్టల మీద పేర్లు రాసుకుంది. చదివింది, ఇక్కడే ఉద్యోగం, ఇక్కడే పెళ్ళి, ఇక్కడి మనిషయింది. వాడు ఆ తర్వాత ఒక్కసారి కూడా నా ముందు రైలు ఊసు ఎత్తలేదు. పుచ్చుకున్నవాళ్ళు పాటించవలసిన మర్యాద వాడు పాటించాడు. ఇచ్చినవాడు పాటించవలసింది నేనే పాటించలేదు.

ఇరవై అయిదేళ్ళుగా ఇచ్చాను అనే చెప్పుకుంటున్నాను. అల్లుడికి అలాగే చెప్పాను, మనవరాలికి అలాగే చెప్పాను. వాడు అట్టముక్క మీద కొన్నాను అని రాయిస్తే, డ్రైవరు మనవడికి కొనడానికీ పుచ్చుకోవడానికీ తేడా తెలియదని మొదట మండిపడ్డాను. ఇప్పుడు ఇదంతా రాసుకుని చూస్తే, తేడా తెలిసినవాడు వాడే. ఊరికే వచ్చింది తీసుకోనని మా గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ చెప్పాడు, చెప్పినట్టే చేశాడు.

ఈ రోజుల్లో ఎవరూ దేన్నీ మెచ్చుకోరు. వేలితో ఫోను మీద ఒక గుర్తు నొక్కి వెళ్ళిపోతారు. మర్నాడు గుడ్డ కప్పుకుని వాళ్ళ గుమ్మంలోకి ఏదీ రాదు, రావాలనీ అనుకోరు. పట్టా మీద పెట్టి నడపని రైళ్ళను గాజు పెట్టెల్లో పెట్టి చూస్తారు. ఆ స్ప్రింగును ఇప్పుడు ఏడు తిప్పులు తిప్పేవాడూ లేడు, పదకొండు తిప్పేవాడూ లేడు. మనవరాలు ఈ సాయంత్రం బడినుంచి రాగానే దాని ప్రశ్నకు సరైన జవాబు చెప్పాలి.

ఆ రైలును మా తాతగారు హాంబర్గులో కొన్నారు. నేను దాన్ని హౌగాంగ్‌లో, రెండేళ్ళ వర్క్ పాసుకు అమ్మాను.